ఆఖరి అప్‌డేట్ తర్వాత కెమెరా ఎవరిది?

మొన్న సంక్రాంతికి కూర్మన్నపాలెంలో తాతయ్య బీరువా కింది అరలోంచి ఒక తోలు సంచీ బయటపడింది. అందులో జోర్కీ-4 అనే సోవియట్ కెమెరా ఉంది. వైజాగ్ స్టీల్‌ప్లాంట్ కడుతున్న రోజుల్లో తాతయ్యతో కలిసి పనిచేసిన రష్యన్ ఇంజినీరు ఒకాయన, తిరిగి వెళ్ళిపోతూ గుర్తుగా ఇచ్చాడట. కెమెరా లోపల షట్టర్ గుడ్డ పగుళ్ళిచ్చి పోయింది. ముందున్న లెన్సు మాత్రం (జూపిటర్-8, 50 మి.మీ., ఎఫ్/2) పాత పంచె గుడ్డతో తుడిచేసరికి తళతళలాడింది.

అదే పండక్కి మా పెద్దమ్మ కూతురు కూడా వచ్చింది. జర్మనీలో ఎం.ఎస్. చేసి అక్కడే ఉద్యోగంలో చేరిన అక్క. అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న లైకా ఎం8 తన బ్యాగులో ఉంది. లెన్సు చూడగానే అక్క కళ్ళు మెరిశాయి. జోర్కీ మరచుట్టు నుంచి లెన్సు విప్పి, బ్యాగులోంచి ఒక సన్నటి ఇత్తడి రింగు తీసి దానికి బిగించి, ఎం8 మీద పెట్టి తిప్పింది. టక్. అంతే. అర నిమిషం కూడా పట్టలేదు. అరుగు మీద పేపర్ చదువుకుంటున్న తాతయ్యని ఒక ఫొటో తీసింది. వెనక స్క్రీన్ మీద చూపిస్తే, "పర్లేదే, ఇది ఇంకా బతికే ఉందే" అన్నాడాయన, లెన్సు గురించి.

నేను చూసింది మాత్రం ఇంకోటి. రింగు బిగించే ముందు అక్క దాని లోపలి అంచు మీద నల్లగా ఉన్న కొన్ని చుక్కల్ని శానిటైజర్ చుక్క వేసి తుడిచేసింది. ఏంటవి అని అడిగితే, "నా 15 మి.మీ. లెన్సు రోల్ నంబర్. తుడవకపోతే తాతయ్య లెన్సుని కూడా కెమెరా అదే అనుకుంటుంది" అంది. మెనూలో ఆ గుర్తింపు ఆపేయొచ్చు కదా అన్నాను. ఆపితే మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోతానంది.

వేల యూరోలు పోసి కొనే కెమెరాకి లెన్సు పేరు చెప్పడానికి మార్కర్ పెన్ను! నవ్వొచ్చింది. కాలేజీకి తిరిగొచ్చాక కూర్చుని చదివితే, నవ్వు పోయి కోపం వచ్చింది. ఈ వ్యాసం ఆ కోపమే.

రేంజ్‌ఫైండర్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మన ఫొటోగ్రఫీ క్లబ్బులో ఉన్న డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు గుండా వచ్చే వెలుగునే అద్దం మీద పడేసి కంటికి చూపిస్తారు. రేంజ్‌ఫైండర్‌లో అద్దం ఉండదు. పక్కనున్న చిన్న కిటికీలోంచి మనం చూస్తాం. ఇంకో కిటికీలోంచి వచ్చే బొమ్మ దాని మీద జంటగా కనిపిస్తుంది. ఫోకస్ తిప్పుతూ ఆ రెండు బొమ్మల్నీ ఒకటి చేయాలి. లెన్సు వెనక ఒక లోహపు అంచు, దాన్ని తాకుతూ కెమెరాలో ఒక చిన్న చక్రం. లెన్సుకీ కెమెరాకీ మధ్య ఉన్న బంధం అంతే. వైరు లేదు, చిప్పు లేదు.

ఆ బంధం అంత సాదాగా ఉంది కాబట్టే అంత కాలం నిలబడింది. లైకా 1954లో ఎం3 కెమెరాతో ఎం మౌంట్ తెచ్చింది. అంతకుముందున్నది 39 మి.మీ. మరచుట్టు. ఎం మౌంట్ అంచు నుంచి ఫిల్ముకి దూరం 27.8 మి.మీ., పాత మరచుట్టుకి 28.8. తేడా సరిగ్గా ఒక మిల్లీమీటరు. అంటే ఒక మిల్లీమీటరు మందం రింగు పెడితే పాత లెన్సు కొత్త కెమెరా మీద కూర్చుంటుంది. సోవియట్ ఫ్యాక్టరీలు అదే మరచుట్టుని వాడాయి. జపాన్‌లో కొసీనా, ఫోక్ట్‌లాండర్ పేరుతో అవే లెన్సులు చేసింది. పేటెంటు గడువు తీరాక ఎం మౌంట్‌ని ఎవరు పడితే వాళ్ళు చేశారు. కొలత అందరికీ తెలుసు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు.

కొలత తెలిసినంత మాత్రాన అన్నీ కుదురుతాయని కాదు. తాతయ్య ఫొటోని లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే, కళ్ళ మీద పెట్టిన ఫోకస్ కొద్దిగా జరిగింది. సోవియట్ లెన్సుల ఫోకస్ లెక్క లైకా ప్రమాణానికి అచ్చంగా సరిపోదు. లైకా 50 మి.మీ. లెన్సు అసలు కొలత 51.6 అనుకుని కట్టిన యంత్రం అది, జూపిటర్ పుట్టిన జైస్ కాంటాక్స్ సంప్రదాయంలో అది 52.4. దగ్గర దూరంలో ఎఫ్/2 దగ్గర తేడా బయటపడుతుంది. ఫిల్ము రోజుల్లో పోస్టుకార్డు సైజు ప్రింటులో ఎవరికీ పట్టేది కాదు. సెన్సారు మాత్రం ఊరుకోదు. దీన్ని ఏ ఫర్మ్‌వేరూ బాగుచేయలేదు. లెన్సు విప్పి పల్చటి రేకు పెట్టి సర్దుకోవాలి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. వెనక గాజు బాగా లోపలికి పొడుచుకొచ్చే పాత 21 మి.మీ. సూపర్ ఆంగులాన్ లాంటివి పెడితే ఎం8, ఎం9లలో వెలుగు కొలిచే కన్నుకి అడ్డం వస్తుంది. మీటరు పనిచేయదు. గొట్టం లోపలికి మడిచే పాత లెన్సుల్ని డిజిటల్ బాడీ మీద మడిస్తే లోపల తగిలి పాడవుతుంది. హోలోగాన్ 15 మి.మీ. అసలు పెట్టొద్దనే మాన్యువల్ చెబుతుంది. ఇదంతా లోహమూ గాజూ. వీటి గురించి నాకే పేచీ లేదు.

పేచీ మొదలయ్యేది సాఫ్ట్‌వేర్ దగ్గర.

ఫిల్ము ఎటు నుంచి వెలుగొచ్చినా తీసుకుంటుంది. సెన్సారు అలా కాదు. దాని మీద ప్రతి పిక్సెల్ ఒక చిన్న బావి లాంటిది. వెలుగు నిలువుగా పడితేనే అడుగుకి చేరుతుంది. రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్సులు సెన్సారుకి మరీ దగ్గరగా ఉంటాయి, మూలల్లో వెలుగు బాగా ఏటవాలుగా పడుతుంది. మూలలు నల్లబడతాయి, రంగు మారుతుంది. అందుకే డిజిటల్ రేంజ్‌ఫైండర్ కుదరదని చాలామంది తేల్చేశారు. 2004లో ఎప్సన్ ఆర్-డీ1 వచ్చి కుదురుతుందని చూపించింది. ఔను, ప్రింటర్ల ఎప్సనే. కొసీనా బెస్సా బాడీలో 6.1 మెగాపిక్సెళ్ళ చిన్న సెన్సారు పెట్టారు. సెన్సారు చిన్నది కాబట్టి మూలల గొడవ చాలావరకు తప్పింది. తమాషా ఏంటంటే, అది డిజిటల్ కెమెరా అయినా ఒక్కో ఫొటోకి పాత ఫిల్ము కెమెరాలాగే లీవరు తిప్పి షట్టరు బిగించాలి. పైన గడియారంలో ముల్లుల్లాంటివి బ్యాటరీ ఎంతుందో, ఎన్ని ఫొటోలు మిగిలాయో చూపిస్తాయి. చూస్తే మీరూ ప్రేమలో పడతారు. ధర చూస్తే లేస్తారు.

2006లో లైకా ఎం8 వచ్చింది. 10.3 మెగాపిక్సెళ్ళ కొడాక్ సీసీడీ. మూలల బాధ తగ్గించడానికి పిక్సెళ్ళ మీది మైక్రోలెన్సుల్ని అంచులకి వెళ్ళేకొద్దీ మధ్యకి జరిపారు. గొప్ప పని. ఏటవాలు వెలుగు ఇంకా ఇబ్బంది పెట్టకూడదని సెన్సారు ముందుండే ఇన్‌ఫ్రారెడ్ అడ్డుగాజుని మరీ పల్చగా పెట్టారు. అక్కడ దెబ్బ తగిలింది. నల్లటి సింథటిక్ బట్టలు ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా వెనక్కి కొడతాయి. ఫొటోలో నల్ల కోటు ఊదారంగులోకి తిరిగింది. పెళ్ళి ఫొటోగ్రాఫర్ల గుండె ఆగినంత పనైంది. కంపెనీ తప్పు ఒప్పుకుని, కొన్న ప్రతి ఒక్కరికీ లెన్సు ముందు పెట్టుకునే యూవీ/ఐఆర్ ఫిల్టర్లు రెండు ఉచితంగా ఇచ్చింది. ఇక్కడిదాకా బాగానే ఉంది.

అయితే ఆ ఫిల్టరు కూడా ఏటవాలు వెలుగుతో తగువు పెట్టుకుంటుంది. వెలుగు వాలేకొద్దీ అది ఇన్‌ఫ్రారెడ్‌తో పాటు ఎరుపుని కూడా కాస్త మింగేస్తుంది. వైడ్ లెన్సు పెడితే మూలలు నీలి ఆకుపచ్చకి తిరుగుతాయి. దీన్ని సరిచేయాలంటే ముందున్నది ఏ లెన్సో కెమెరాకి తెలియాలి. అందుకు లైకా పెట్టిన పద్ధతి: లెన్సు మౌంట్ అంచు మీద ఆరు చిన్న గుంటలు, ఒక్కోటి నలుపో తెలుపో. కెమెరా మౌంట్‌లో ఉన్న ఆప్టికల్ సెన్సార్లు వాటిని చదువుతాయి. ఆరు బిట్లు, 64 కాంబినేషన్లు. మన డిజిటల్ లాజిక్ మొదటి యూనిట్. ఆ నంబర్ ఫర్మ్‌వేర్‌లో ఉన్న ఒక పట్టికలోకి వెళుతుంది. ఈ లెన్సుకి మూలల్లో ఇంత వెలుగు పెంచు, ఇంత ఎరుపు కలుపు అని అందులో రాసి ఉంటుంది.

ఒక్క మాటలో, లుకప్ టేబుల్. మన రెండో సంవత్సరం మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో రాసినంత సులువైన ఆలోచన. కానీ ఆ పట్టిక ఒకరి చేతిలోనే ఉంది.

పాత లైకా లెన్సు ఉన్నవాళ్ళు డబ్బు కట్టి ఫ్యాక్టరీకి పంపి ఆరు గుంటలు పెట్టించుకోవచ్చు. వేరే కంపెనీ లెన్సు ఉన్నవాళ్ళకి ఆ దారి కూడా లేదు. అప్పుడే మార్కర్ పెన్ను రంగంలోకి దిగింది. జనం కోడ్‌లు తెలుసుకుని, తమ ఫోక్ట్‌లాండర్ లెన్సు ఏ లైకా లెన్సుకి దగ్గరగా ఉంటుందో చూసి, దాని చుక్కల్ని రింగు మీద పెట్టుకున్నారు. ఒకడి హాల్‌టికెట్‌తో ఇంకొకడు పరీక్ష రాయడం. ఫొటో సమాచారంలో కూడా అబద్ధపు పేరే పడుతుంది. లెన్సు పెట్టి తీసినప్పుడల్లా రాపిడికి చుక్కలు చెరిగిపోతాయి. అందుకని కొందరు చిన్న డ్రిల్లుతో గుంటలు చేసి పెయింటు నింపారు. ఆరు గుంటలు ముందే తవ్విన రింగులు అమ్మకానికొచ్చాయి. ఇంకొందరు అసలు కెమెరాని నమ్మడమే మానేశారు. కార్నర్‌ఫిక్స్ అని ఒక ఉచిత ప్రోగ్రాం వచ్చింది. తెల్లటి కాగితం లాంటి దాన్ని ఆ లెన్సుతో, ఆ ఫిల్టరుతో ఒక ఫొటో తీసి ఇస్తే, మూలల్లో రంగు ఎంత తప్పిందో అదే లెక్కగట్టి మిగతా ఫొటోల్ని సరిచేస్తుంది. అంటే పట్టికలో ఉన్న రహస్యాన్ని తెల్ల కాగితంతో ఎవరైనా కొలుచుకోవచ్చు. ఇక అది రహస్యం ఎలా అవుతుంది?

2009 సెప్టెంబర్‌లో ఎం9 వచ్చింది. 18 మెగాపిక్సెళ్ళు, పూర్తి ఫ్రేమ్. దాని మెనూలో కొత్తగా ఒక వరస ఉంది: చుక్కలు లేని లెన్సు అయితే జాబితాలోంచి మీరే ఎంచుకోండి. మార్కర్ పెన్ను బాధ ఒక్క మెనూతో తీరిపోయింది. మరి ఎం8 వాళ్ళకి? రాలేదు. మెనూలో మూడే మాటలు: ఆఫ్, ఆన్, ఆన్ ప్లస్ ఫిల్టరు. పట్టిక లోపల ఉంది. మెనూ ఉంది. బటన్లు ఉన్నాయి. స్క్రీన్ ఉంది. లేనిది ఆ రెంటినీ కలిపే కాస్త కోడ్. కోపం వచ్చింది ఇక్కడే. అక్క రింగు మీది నల్ల చుక్కలు 2006 నాటి సాంకేతిక పరిమితి అనుకున్నాను నేను. కాదు, అవి 2009 తర్వాత ఎవరో చేయకూడదనుకున్న ఒక పని.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి రెండో వైపు కూడా చెబుతాను. ఎప్సన్ 2006లో ఆర్-డీ1ఎస్ తెచ్చినప్పుడు, అందులోని కొత్త సౌకర్యాలు, రా, జేపెగ్ రెండూ ఒకేసారి సేవ్ అవ్వడం లాంటివి, పాత ఆర్-డీ1 వాళ్ళకి కూడా ఫర్మ్‌వేర్‌గా ఇచ్చింది. పాత కెమెరా కొత్త కెమెరా అయిపోయింది, పైసా ఖర్చు లేకుండా. అమ్మేసిన వస్తువు మీద ఇంత మర్యాద చూపించిన కంపెనీలు తక్కువ. లైకా కూడా 2008లో ఎం8 వాళ్ళకి గీతలు పడని సఫైర్ గాజు, చప్పుడు తక్కువ షట్టరు డబ్బుకి వేసిస్తామంది. మనసుంటే మార్గం ఉందని రెండు కంపెనీలూ చూపించాయి.

కానీ అదే ఆర్-డీ1 దగ్గరికే మళ్ళీ వద్దాం. అది 2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డు చదవదు. 2009లో జపాన్‌లో వచ్చిన ఆర్-డీ1ఎక్స్ ఎస్‌డీహెచ్‌సీ చదువుతుంది. ముందున్నవి చదవవు. ఎందుకో మన బ్రాంచ్ వాళ్ళకి చెప్పాలి. పాత ఎస్‌డీ కార్డులో చిరునామా బైట్లలో ఇస్తాం. ఎస్‌డీహెచ్‌సీలో 512 బైట్ల బ్లాకుల్లో ఇస్తాం. మొదట్లో హోస్టు సీఎండీ8 అనే కమాండు పంపి, "నాకు పెద్ద కార్డులు తెలుసు" అని చెప్పాలి. చెప్పకపోతే కార్డు ఎప్పటికీ రెడీ అనదు. ఆ ప్రమాణం 2006లో వచ్చింది, ఆర్-డీ1 పుట్టిన రెండేళ్ళకి. పిన్నులు అవే, ఆకారం అదే. ఎం8 కూడా మొదట ఇలాగే ఉండి, తర్వాతి ఫర్మ్‌వేర్‌తో పెద్ద కార్డులు చదవడం నేర్చుకుంది.

ఈ 2 జీబీ బాధ ఎలా ఉంటుందో నాకు వేరే రకంగా తెలుసు. మన ల్యాబ్‌లో ఒక పాత డేటా లాగర్ ఉంది (ఏ కంపెనీదో వద్దులెండి). అదీ 2 జీబీ కార్డే అడుగుతుంది. పోయిన సెమిస్టర్‌లో దాని కార్డు పోతే, కోఠి గుజరాతీ గల్లీలో ఒక మధ్యాహ్నమంతా తిరిగాను. "రెండు జీబీయా? సాలార్‌జంగ్‌లో అడుగు తమ్ముడూ" అన్నాడు ఒకాయన. చివరికి ఎవరిదో పాత ఫోన్‌లోంచి తీసిన మైక్రో ఎస్‌డీ ఒకటి, దానికో అడాప్టర్, కలిపి ఇచ్చాడు ఇంకొకాయన. పదిహేను వందల మంది చదివే బ్లాకులో ఒక ప్రయోగం ఆ పాత ఫోన్ కార్డు మీద నడుస్తోంది.

ఇక నా అభిప్రాయం. ఒక కెమెరాని ఆపేసేటప్పుడు కంపెనీ మూడు పనులు చేయాలి అంటాను. చివరి ఫర్మ్‌వేర్ ఫైలుని, దాని చెక్‌సమ్‌తో సహా, ఎవరైనా దాచుకుని పంచుకోవచ్చని రాతపూర్వకంగా వదిలేయాలి. రెండోది, లెన్సు పట్టికని కోడ్‌లోంచి బయటికి తీసి, ఎస్‌డీ కార్డు మీద పెట్టే మామూలు ఫైలుగా మార్చాలి. దాని ఫార్మాట్ నాలుగు పేజీల్లో రాసివ్వాలి. మూడోది ఇంకా తేలిక: ముందు మెనూలో లేనిది చివరి అప్‌డేట్‌లో పెట్టి వెళ్ళాలి. సోర్స్ కోడ్ అంతా ఇమ్మనడం లేదు. అందులో వేరేవాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకున్న ముక్కలుంటాయి, ఇవ్వలేరు, నాకు తెలుసు.

దీనికి మా క్లాసులోనే అడ్డం చెప్పినవాళ్ళున్నారు. జనం పిచ్చి పిచ్చి ఫైళ్ళు ఎక్కించి కెమెరాని చంపేసుకుంటారు, నింద కంపెనీ మీద వేస్తారు అని ఒకడి వాదన. కోడ్ విషయంలో అది నిజమే. అప్‌డేట్ మధ్యలో బ్యాటరీ అయిపోతే చాలు, కెమెరా పేపర్‌వెయిట్ అవుతుంది. కానీ పట్టిక కోడ్ కాదు, డేటా. హద్దులు చూసి చదివితే తప్పు అంకె వేసినవాడికి తప్పు రంగు ఫొటో వస్తుంది, అంతకన్నా ఏమీ కాదు. పైగా జనం ఎలాగూ ఊరుకోరు. ఎం8 సెన్సారు నుంచి 14 బిట్లుగా వచ్చిన విలువల్ని 8 బిట్లకి కుదించి ఫైలు రాస్తుంది. కుదించనివి కావాలని జనం బటన్లు ఒక వరసలో నొక్కితే తెరుచుకునే సర్వీస్ మెనూని కనిపెట్టి, వాటిని తీసుకునే దారి చూసుకున్నారు. క్యానన్ కెమెరాల మీద సీహెచ్‌డీకే, మ్యాజిక్ లాంటర్న్ లాంటివి ఎలా వచ్చాయో మీకు తెలుసు. తలుపు వేస్తే కిటికీ. పడి కాలు విరగ్గొట్టుకునేవాళ్ళ సంగతి ఆలోచిస్తే, తలుపు తీయడమే క్షేమం.

పాత కెమెరాలు బతికితే కొత్తవి ఎవరు కొంటారని ఇంకొకడన్నాడు. రేంజ్‌ఫైండర్ విషయంలో ఇది తిరగబడుతుంది. ఎం8 చేతిలో ఉన్నవాడే రేపు అదే మౌంట్‌కి కొత్త లెన్సు కొంటాడు. కెమెరా చచ్చిపోతే లెన్సులు కూడా అమ్మేసి వేరే దారి చూసుకుంటాడు.

కొంచెం గట్టి వాదన ఇంకోటుంది. ఎలాగూ చచ్చిపోయే వస్తువు కోసం ఇంత గోల ఎందుకు? నిజమే, ఎం9 సెన్సారు ముందున్న గాజు తేమకి తుప్పు పట్టినట్టు మచ్చలు పడింది. 2014లో కంపెనీ ఒప్పుకుని ఉచితంగా మార్చింది. తర్వాత ఉచితం ఆగింది, ఆ తర్వాత సెన్సార్ల స్టాకే అయిపోయింది. సీసీడీ మళ్ళీ ఎవరూ పోత పోయరు. అది నేను ఒప్పుకుంటాను. కానీ స్టాకు అయిపోవడం వేరు, ఇవ్వకపోవడం వేరు. గాజు అయిపోతుంది. స్క్రీన్ అయిపోతుంది. ఒక టెక్స్ట్ ఫైలు ఎక్కడ అయిపోతుంది?

ఈ విషయంలో ఎం8 గురించి ఒక మంచి మాట చెప్పి తీరాలి. అది మొదటి రోజు నుంచీ రా ఫైళ్ళని డీఎన్‌జీలో రాసింది. డీఎన్‌జీ ప్రమాణాన్ని అడోబీ 2004లోనే అందరికీ బహిరంగంగా పెట్టింది. అందుకే కార్నర్‌ఫిక్స్ రాయడం సాధ్యమైంది. అందుకే అక్క పండగ ఫొటోల్ని నా లాప్‌టాప్‌లో, లినక్స్ మీద, ఎవరినీ అడక్కుండా తెరిచాను. ఆ కెమెరాని ఇవాళ్టి దాకా బతికించింది దాని తర్వాత వచ్చిన అప్‌డేట్లన్నీ కలిపి కాదు, ఆ ఒక్క నిర్ణయం. మరచుట్టు కొలత బయట ఉంది, తాతయ్య లెన్సు కూర్చుంది. ఫైలు ఫార్మాట్ బయట ఉంది, ఫొటో తెరుచుకుంది. పట్టిక లోపల ఉంది, అక్క మార్కర్ పట్టుకుంది.

మన దేశంలో 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెరిచింది. ఫోన్లు, కార్లు, ట్రాక్టర్లు, వాషింగ్ మెషీన్ల గురించి మాట్లాడారు. మంచిదే. కానీ మరమ్మతు అనగానే మనకి స్క్రూడ్రైవరే గుర్తొస్తుంది. స్క్రూ లేని చోట కూడా వస్తువులు పాడవుతాయి.

లైకా కొనే స్తోమత మనలో ఎవరికుంది, ఈ గోల మనకెందుకు అంటారా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. పోయిన వేసవిలో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. పొలాల్లో మోటారుని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్లు చేస్తారు. కరెంటు రాత్రి ఒంటిగంటకొచ్చినా రైతు మంచం దిగక్కర్లేదు. అందులో పాత మోడల్ ఒకటి ఉంది, ఆపేస్తున్నారు. మోటారు ఎంత హార్స్‌పవర్‌దో చెబితే, ఓవర్‌లోడ్ ఎంత కరెంటు దగ్గర కట్ చేయాలో ఒక పట్టికలో చూసుకుంటుంది. పట్టిక 3, 5 హెచ్‌పీల దగ్గర ఆగిపోయింది. నీళ్ళు కిందికి పోయి బోరు లోతు చేయించి ఏడున్నర హెచ్‌పీ దించిన రైతు ఒకాయన ఫోన్ చేశాడు. బాక్సు బాగానే ఉంది బాబూ, ఏడున్నర పెట్టే చోటేది అని. లోపల రిలే, కరెంటు కొలిచే భాగం అన్నీ దానికి సరిపోతాయి. మా సార్‌ని అడిగితే, ఆ మోడల్ అయిపోయింది, కొత్తది తీసుకోమను అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ కోడ్ రాసినతను మానేసి వెళ్ళిపోయాడు, పట్టిక ఎక్కడుందో వెతికే తీరిక ఎవరికీ లేదు. ఆ ఫోన్ ఎత్తింది నేనే. "కొత్తది తీసుకోండి" అన్నది కూడా నేనే.

అప్పటికి నేను ఎం8 గురించి వినలేదు. సంక్రాంతికి అక్క శానిటైజర్‌తో ఆ చుక్కలు తుడుస్తుంటే గుర్తొచ్చింది ఆ రైతే.

ఫిబ్రవరిలో సార్‌కి ఫోన్ చేశాను. పట్టిక ఎక్కడుందో నేను వెతుకుతాను, దాన్ని కోడ్‌లోంచి విడదీసి ఎస్ఎంఎస్‌తో మార్చుకునేలా ఒక చివరి వెర్షన్ చేసిస్తాను, ఫార్మాట్ కాగితం మీద రాసి డీలర్లకి ఇద్దాం అన్నాను. జీతం ఉండదు మరి అన్నారు. పర్లేదన్నాను. "సరే, రాయి చూద్దాం. కానీ తెలుగులో కూడా రాయి, డీలర్లు ఇంగ్లీషు చదవరు" అన్నారు. పట్టిక దొరికింది. 22 వరసలు, ఒక్క కామెంట్ లేదు. కాగితం నాలుగు పేజీలు అవుతుందనుకున్నాను. ఇంటర్నల్స్ మధ్యలో మూడో పేజీ దగ్గరున్నాను. 'థ్రెషోల్డ్' అన్న మాటకి డీలరుకి అర్థమయ్యే తెలుగు ఎవరికైనా తోస్తే చెప్పండి.